చెత్త సినిమాలో మా అమ్మ

నేను రివ్యూలు రాసే కామెడీ సిరీస్ గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. లేకపోతే నేను చెప్పబోయేది ఎవరి తలకూ ఎక్కదు. అది హిందీది. ప్రతి శుక్రవారం ఒక భాగం వస్తుంది. మూతబడిన ఒక పాత సినిమా హాలులో, స్ప్రింగులు బయటికొచ్చిన కుర్చీల్లో ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి కూర్చుంటారు. ఎదురుగా తెర మీద ఒక పాత సినిమా నడుస్తుంది. ఎవరూ చూడనిది, చూసినవాళ్లు కూడా చూశామని ఒప్పుకోనిది. మనకు తెర నిండా ఆ సినిమాయే కనిపిస్తుంది, పై మూలన చిన్న గడిలో ఈ ముగ్గురి మొహాలు. వాళ్ల దగ్గర బడిగంట ఒకటుంటుంది. ఎవరికి చిర్రెత్తితే వాళ్లు గంట కొడతారు, సినిమా ఆగుతుంది, ఆగిన బొమ్మను పట్టుకుని ముగ్గురూ దులిపేస్తారు. విలన్ విగ్గు, హీరో బూట్లు, పులి తోలు కింద నడుస్తున్న మనిషి కాళ్లు, ఏదీ వదలరు.

ఈ సిరీస్ మీద నేను ఒక తెలుగు వెబ్‌సైటుకు వారం వారం రివ్యూ రాస్తాను. పగలు ముంబై దగ్గరి కాశేలిలో ఒక గోడౌన్లో పని. జనం వద్దని తిప్పి పంపిన పార్సిళ్లు విప్పి, వస్తువులో లోపమేమిటో కంప్యూటర్లో ఎక్కించడం నా ఉద్యోగం. చీర రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు, కుక్కర్ మూత బిగుసుకోవడం లేదు, ఇలాంటివి. పొద్దంతా తప్పులు వెతికి ఇంటికొచ్చి మళ్లీ తప్పులు వెతికేవాళ్లనే చూస్తావా అని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు. వాళ్లు వెతికిన తప్పుల్లో తప్పులు వెతకడం ఇంకా బాగుంటుందని ఆయనకు ఎంత చెప్పినా అర్థం కాదు.

నిజానికి నేను నవ్వుకోవడానికని ఆ సిరీస్ మొదలుపెట్టలేదు. మా అమ్మ కోసం మొదలుపెట్టాను.

మా అమ్మ ఒక సినిమాలో ఉంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఏ సినిమా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. నేను ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, మావాళ్లు బతకడానికి వలసొచ్చిన శాంతి నగర్‌లో, బాపు పనిచేసే కార్ఖానాకు ముంబై నుంచి సినిమావాళ్లు వచ్చారట. మూడు రోజులు షూటింగ్ చేశారట. బాపు అక్కడ సాంచాలు నడిపేవాడు, అంటే పవర్‌లూములు. అమ్మ అదే కార్ఖానాలో ఒక మూలన కూర్చుని కండెలు చుట్టేది. సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టనే కండె అంటారు, బట్టకు అడ్డపోగు అందులోంచే వస్తుంది. ఎవరి పని వాళ్లు చేసుకోండి, కెమెరా వైపు చూడకండి అని పనివాళ్లకు చెప్పారట. అలా అమ్మ సినిమాలో పడింది. తర్వాత రెండేళ్లకు కామెర్లతో పోయింది.

నా దగ్గరున్నది ఒక్క స్టూడియో ఫొటో. బాపు కుర్చీలో, అమ్మ పక్కన నిలబడి, పెదవులు గట్టిగా మూసుకుని. బుద్ధెరిగాక అమ్మ నోరు కదలడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా మాట్లాడేది, చేతులు తిప్పుతూ చెప్పేదా, నవ్వితే పళ్లు కనిపించేవా, ఏమీ తెలియదు. ఎవరిని అడిగినా ఒకటే మాట, నోట్లో నాలుక లేని మనిషి అని. నన్ను పెంచిన నాయనమ్మ అయితే నేను ఎదురు చెప్పినప్పుడల్లా, “నీ తల్లి నోట్లె నాలుక లేనిది. గీ నోరు నీకు ఎవలదొచ్చిందే?” అనేది. తిట్టడానికే అడిగేది కానీ నాకూ అది తెలుసుకోవాలని ఉండేది. ఆ సినిమా దొరికి, అమ్మ ఒక్కసారి నోరు విప్పి మాట్లాడటం చూస్తే చాలనుకునేదాన్ని.

సినిమా పేరు తెలియకపోవడానికి కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో అరిచినా వినిపించదు. అందుకని కార్ఖానాలో ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదవులు కదుపుతారు, అవతలివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. ఆ చివర నిలబడ్డవాడు ఈ చివర ఉన్నవాడితో టీ చెప్పమన్నా అంతే, కూతురి పెళ్లి కుదిరిందన్నా అంతే. సినిమావాళ్ల మేనేజరు వచ్చి సినిమా పేరు చెప్పాడట. అతనికేమో రెండు పెదవులనూ కప్పేసిన గుబురు మీసాలు. చెప్పాడని అందరూ చూశారు, ఏం చెప్పాడో ఒక్కరికీ కనిపించలేదు.

“బయటికొచ్చాక అడగొచ్చు గదా!” అని బాపుతో ఎన్నిసార్లు కొట్లాడానో.

“బయటికొస్తే అన్నం తినుడు, పండుడు. గా మీసాలాయన ఎన్క ఎవడు వడ్తడు బిడ్డా?” అనేవాడు.

బాపుకు గుర్తున్నదల్లా హీరో తెల్ల బూట్లేసుకున్నాడని, హీరోయిన్ నేత పనిదాని వేషంలో పెదవులకు ఎర్ర రంగు పూసుకుందని. ఇంకేం, అది చెత్త సినిమా అని నాకు తేలిపోయింది. చెత్త సినిమాలన్నీ తవ్వి తీసే సిరీస్ ఒకటి మొదలైందని తెలిసినప్పుడు, ఎప్పటికైనా ఇందులోకి రాకపోతుందా అని మొదటి వారం నుంచీ కూర్చున్నాను.

బాపు కూడా నా పక్కనే కూర్చునేవాడు. కార్ఖానా మానేసి చాలా ఏళ్లయింది. చెవులు దాదాపు పోయాయి. తన గొంతు తనకే వినిపించదు కాబట్టి ఉప్పు తక్కువైందన్నా గల్లీ అంతటికీ తెలుస్తుంది. చెవి మిషన్ పెట్టిస్తానంటే, “గిప్పుడు కొత్తగ ఇనేటిది ఏమున్నది?” అని కసురుకునేవాడు. అందుకని ఆ ముగ్గురూ చెప్పే జోకుల్లో ఒక్కటీ బాపుకు అందదు, పైగా ఆ మొహాల గడి మరీ చిన్నది. ఆదివారం అన్నాలు తిన్నాక ఫోన్ను టీవీకి కలిపి పెడితే, కాళ్లు చాపుకుని పాత సినిమా చూస్తున్నట్టే చూసేవాడు. టైంపాస్ అనుకుని నేనూ పట్టించుకోలేదు.

కానీ బాపు నవ్వేవాడు. అదీ జోకు లేని చోట. ఒక సినిమాలో హీరో తల్లి ఒళ్లో తల పెట్టుకుని చచ్చిపోతున్నాడు. వయొలిన్ వాయిస్తున్నారు. గడిలో ముగ్గురూ కూడా గంట కొట్టకుండా ఊరుకున్నారు. బాపు మాత్రం పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నాకు భయమేసింది. పెద్దతనంలో మతి తప్పుతున్నదేమో అనుకున్నాను.

“బాపూ, ఏంది నవ్వుతున్నవు?” అని ఎదురుగా వచ్చి అడిగాను.

“గా తల్లి ఏడుస్తలేదు బిడ్డా. వాని మీద ఒర్లుతున్నది. నీ తల బరువున్నది, నా తొడ తిమ్మిరెక్కింది, జల్ది సచ్చిపో అంటున్నది.”

నమ్మలేదు. నా స్వభావమే అంత, ఎవరేం చెప్పినా విప్పి చూడందే ఒప్పుకోను. టీవీలో వార్తలు పెట్టి, సౌండ్ తీసేసి, నేను ఫోన్లో అదే చానల్ ఇయర్‌ఫోన్లతో వింటూ బాపును పరీక్షించాను. వార్తలు చదివే అమ్మాయి ఏమంటుందో బాపు చెప్పుకుంటూ పోయాడు. ఒకటి రెండు ఊళ్ల పేర్లు తప్పితే అంతా సరిపోయింది. హిందీ అయినా, మరాఠీ అయినా, తెలుగయినా ఒకటే లెక్క. ఆ తర్వాత నాకు నిద్రాహారాలు లేవంటే నమ్మండి. పాత భాగాలన్నీ మళ్లీ పెట్టి చూపించాను. ఆ సినిమాలకు గొంతులు తర్వాత కలిపారు కదా, షూటింగప్పుడు ఎవరేం వాగారో గొంతులో లేదు, పెదవుల మీద ఉండిపోయింది. దేవత వేషం వేసినామె వరమిస్తూ ఒకటి నుంచి ఇరవై దాకా లెక్క పెడుతున్నది. విలన్ కత్తి దూసి, ఎండ మండుతోంది, అన్నం ఎప్పుడు పెడతారు అంటున్నాడు. హీరోను ప్రేమించానని చెబుతున్న అమ్మాయి, నీ నోట్లోంచి ఉల్లిగడ్డ వాసనొస్తోంది, ముఖం అటు తిప్పు అంటోంది.

ఇవన్నీ రివ్యూ చివర ‘బాపు చూసింది’ అని వేరుగా రాయడం మొదలుపెట్టాను. చదివేవాళ్లు నా రివ్యూ వదిలేసి ముందు అదే చదివేవారు. నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజమే. బాపు మాత్రం కొత్త పెళ్లికొడుకులా తయారయ్యాడు. ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, “ఇగ షురూ చెయ్” అని టీవీ ముందు కూర్చునేవాడు. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, “నా గురించి ఏమన్నరు?” అని అడిగేవాడు.

ఇంత జరుగుతున్నా నా అసలు పని మరిచిపోలేదు. ప్రతి శుక్రవారం ముందు ఆ సినిమా ఎక్కడిదో వెతికేదాన్ని. ఒకసారి పెద్ద మిల్లు కనిపించింది. బాపును లాక్కొచ్చి చూపించాను. “గది నూలు మిల్లు. మన సాంచాలు గావు” అని తేల్చేశాడు. సిరీస్‌వాళ్లకు కామెంటులో రాశాను, పవర్‌లూముల కార్ఖానాలో తీసిన సినిమా ఏదైనా మీ దగ్గరుందా అని. ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఉందనా, లేదనా, ఏమని అర్థం చేసుకోవాలి? రెండ్రోజులు ఆ వేలు మీద మండిపడ్డాను.

చివరికి అది వచ్చింది. రెండో సీజన్ సగంలో, ఏ హడావిడీ లేకుండా.

పోలీసు ఆఫీసరు దొంగలను పట్టుకోవడానికి నేతపనివాడి వేషం వేస్తాడు, అదీ కథ. ఆ వారం గోడౌన్లో పండగ సేల్ పార్సిళ్లు తిరిగొచ్చి తల తిప్పుకోనివ్వలేదు, నేను ముందు చూడలేదు. ఆదివారం ఇద్దరం ఒకేసారి చూస్తున్నాం. హీరో తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లతో కార్ఖానాలోకి వచ్చి, ఒక సాంచా పక్కనున్న చక్రం పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. గంట మోగింది. గడిలో ఒకడు, ఇతను బట్ట నేస్తున్నాడా, లారీ నడుపుతున్నాడా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ చక్రం నిజంగానే ఉంటుంది, ఆగిన సాంచాను చేత్తో తిప్పడానికి. తెలియనివాళ్లు ఉన్న దాన్ని చూసి నవ్వుతారు, లేని దాన్ని గుర్తుపట్టరు. బాపు గుర్తుపట్టాడు.

“సూడు, సూడు! ఆయన ఎన్క సాంచా ఖాళీ ఆడుతున్నది. నాడెల కండె ఒడ్సిపోయింది, బట్ట పడ్తనే లేదు. ఖాళీ సాంచాను సినిమల వెట్టిండ్రు, గాడిదికొడుకులు! తెలివున్నోడు ఒక్కడు లేడా?”

నేను సంబరపడి కాగితం మీద రాసుకున్నాను, నూలు అయిపోయిన సాంచా ఉత్తిగా ఆడుతోంది, ఈ వారం రివ్యూకు ఇదే మొదటి మాట అని. ఇంతలో కెమెరా వెనక్కు జరిగింది. కార్ఖానా మొత్తం కనిపించింది. బాపు చాపిన కాళ్లు ముడుచుకున్నాడు.

“గిది మనదే” అన్నాడు. ఈసారి అరవలేదు.

నీలం రంగు వేసిన స్తంభం చూపించాడు. రేకు విరిగిన కిటికీ చూపించాడు. ఖాళీగా ఆడుతున్న సాంచా పక్కన, ఒత్తుగా జుట్టున్న బక్కపలచటి కుర్రాడు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. అది బాపే. హీరోయిన్ అతని ముందు నుంచి నాడె చేత పట్టుకుని నడిచిపోతున్నది. ఆమె వెనక, నేల మీద, కండెలు చుట్టే మిషన్ ముందు ఒకామె కూర్చుని ఉంది. వెలిసిపోయిన పచ్చ చీర. మణికట్టుతో ముక్కు తుడుచుకుంది. తల ఎత్తింది. ఒక చెయ్యి పైకి లేపి బాపు వైపు ఊపింది. ఊపుతూనే మాట్లాడటం మొదలుపెట్టింది.

నేను తర్వాత లెక్కపెట్టాను, పదమూడు సెకన్లు. ఆ పదమూడు సెకన్లూ అమ్మ నోరు ఆగలేదు. చెయ్యి ఆగలేదు. కనుబొమ్మలు ఆగలేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటే ఇలా ఉంటుందా అని నేను నోరెళ్లబెట్టి చూస్తున్నాను. మళ్లీ గంట మోగింది. అమ్మ తెరిచిన నోటితో అలాగే ఆగిపోయింది. గడిలో ఉన్న ఆడమనిషి సన్నగా గొంతు మార్చి అమ్మ తరఫున మాట్లాడింది. “డైరెక్టర్ గారూ, పొద్దుటి నుంచీ నోరు ఆడిస్తున్నాను, నా డైలాగు ఎక్కడండీ?” అని.

నేను నవ్వాను. దాచిపెట్టి లాభం లేదు, పడీపడీ నవ్వాను. మంచి జోకు అది. నవ్వడం ఆగాక పట్టలేని కోపం వచ్చింది, వాళ్ల మీదా, నా మీదా. ఇన్నేళ్లు ఎదురుచూస్తే మా అమ్మకు మొదట వచ్చిన గొంతు వాళ్లు పెట్టిన దొంగ గొంతు. బాపుకు ఆ జోకు వినిపించలేదు. ఆయన అమ్మనే చూస్తున్నాడు.

“బాపూ, ఏమంటున్నది?”

“మల్ల వెట్టు.”

పెట్టాను. ఆరుసార్లు పెట్టించుకున్నాడు. ఆరోసారి అయ్యాక లేచి చెప్పులేసుకున్నాడు. “కనవడ్తలేదు. పాత సినిమ, మసక మసక ఉన్నది” అన్నాడు.

అబద్ధం. దీనికన్నా అధ్వాన్నమైన సినిమాలో, గడ్డం వెనక నుంచి ముని గొణిగింది కూడా చదివిన మనిషి. వారమంతా అడిగాను. ముందు బతిమాలాను, తర్వాత అలిగాను, తర్వాత కూర కూడా వడ్డించకుండా పళ్లెం ముందు పెట్టాను. కనవడ్తలేదు అన్న ఒక్క మాటే. వెబ్‌సైటు వాళ్లు రివ్యూ ఏదీ అని రెండుసార్లు మెసేజ్ పెట్టారు. ఏమని రాయాలి? అందరి పెదవులూ చదివిన బాపు మా అమ్మ పెదవుల దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకున్నాడని రాయాలా?

నేనే చదవాలనుకున్నాను. అద్దం ముందు కూర్చుని ఫోన్ పక్కన పెట్టుకుని, అమ్మ నోరు ఎలా తిరిగితే నా నోరు అలా తిప్పాను. మొదట గుండ్రంగా తెరుచుకుంటుంది. తర్వాత పెదవులు రెండూ కలిసి విడిపోతాయి. తర్వాత పళ్లు బిగుసుకుంటాయి. చాలా సేపు తిప్పాను. అర్థం ఒక్కటీ తెలియలేదు కానీ ఒక వింత జరిగింది. పళ్లు బిగించే చోట నా కనుబొమ్మ ఒకటి దానంతటదే పైకి లేచింది. ఫోన్లో అమ్మకు కూడా అదే కనుబొమ్మ. అద్దంలో అది చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు.

కార్ఖానాలో అమ్మ పక్కనే కూర్చుని కండెలు చుట్టిన ఒక పెద్దమ్మ ఇంకా ఉంది. చుట్టం కాదు, మా ఊరి వైపు మనిషి, రెండు గల్లీల అవతల ఉంటుంది. గోడౌన్ నుంచి వచ్చే దారిలో నేరుగా ఆమె ఇంటికి పోయి ఫోన్ చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చూసింది. ఒక్కసారి చూస్తే చాలింది. కొంగు నోట్లో కుక్కుకుని, ఒంగి, గోడకు చెయ్యి ఆనించి నవ్వింది.

“ఏమన్నది పెద్దమ్మా?”

“నా నోటితోని నేను చెప్ప. మీ బాపును అడుగు. ఆయన్నే అన్నది.”

“అవ్వ నోట్లె నాలుక లేనిదంటరు గదా అందరు?”

“ఎవలన్నరు? మీ నాయనమ్మనా? అత్త ముందట ఏ కోడలు నోరిప్పుతదే? తొమ్మిదిమంది ఒక్క ఖోలీల ఉంటుండ్రి. ఆడ మీ అవ్వ మూగదే. కార్ఖానలకొచ్చినంక సూడాలె ఆమె తమాష. సేఠ్ ముందట్నించి పోతుంటెనే ఆయన నడక మీద ఒకటంటుండె. ఆయనకు ఇనవడది, మాకు నవ్వాగది. ఆ సినిమోళ్లు ఉన్న మూడొద్దులైతే ఆమెను వట్టరాలేదు. నవ్వి నవ్వి నా కండెలన్ని చిక్కువడ్డయి.”

ఇంటికి నడుస్తూ లెక్కేసుకున్నాను. ఆ ఒంటిగది ఖోలీలో అత్త ఎదురుగా అమ్మ నోరు మూసుకుంది. కార్ఖానాలో చెవులు పగిలే చప్పుడు ఉంది కాబట్టి అక్కడ ఏది పడితే అది మాట్లాడింది. ఆమె మాట్లాడింది ఒక్కరూ వినలేదు, అందరూ చూశారు. నాయనమ్మ ఏనాడూ కార్ఖానా గడప తొక్కలేదు కనుక ఆమెకు తెలియదు సరే. మరి బాపుకు తెలుసు కదా? తెలిసీ నాకెందుకు చెప్పలేదు?

బాపు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కూర్చుని, నా పెదవులు కనిపించేట్టు మెల్లగా చెప్పాను. “పెద్దమ్మ కాడికి పోయొచ్చిన.”

తల దించుకుని మొదలుపెట్టాడు.

“ఆ ఖాళీ సాంచా ఎవలిదనుకున్నవు బిడ్డా? నాదే. కండె ఒడ్సింది నేను సూడలె. హీరోయిన్‌ను సూస్తున్న. సినిమోళ్లను గాడిదికొడుకులంటిని, గా గాడిదిని నేనే.”

నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. “గందుకే చెప్పలేదా?”

“గందుకు గాదు. సచ్చిపోయినోళ్ల గురించి మంచిగ చెప్తరు గదా. మా అవ్వ చెప్పింది, నీ తల్లి నెమ్మదిదని. నేను గూడ గట్లనే అన్న. నీకు చెప్పి చెప్పి, నాకు గూడ గట్లనే యాదికుండిపోయింది. ఆమె తిట్లు మొత్తం మర్చిపోయిన. టీవీల సూసినంక యాదికొచ్చింది. ఇన్నేండ్లు ఎవలినో యాది చేసుకున్న, ఆమెను గాదు.”

ఆయన కళ్లు తడిసిపోయాయి. నాకూ దుఃఖం ఆగలేదు. బాపు తప్పు చేశాడని కోపం రావలసింది, రాలేదు. అమ్మను ఇద్దరం పోగొట్టుకున్నామనే తెలుసు, ఆయన రెండుసార్లు పోగొట్టుకున్నాడని నాకు తెలియదు. చేతులు పట్టుకున్నాను.

“ఇప్పుడన్న చెప్పు బాపూ. ఏమన్నది?”

“రివ్యూల రాస్తవా?”

“రాస్తా.”

“నేను ఆ పొల్లను సూసిన్నని రాయకు.”

“అది రాయకుంటే అవ్వ తిట్టు ఎట్ల అర్థమైతది?”

ఒప్పుకున్నట్టు తల ఊపాడు. ఫోన్ తీసి ఆ పదమూడు సెకన్లు పెట్టమన్నాడు. నిలువుగా కూర్చుని, గొంతు సవరించుకుని, కుడి చెయ్యి అమ్మ ఎత్తినట్టే పైకెత్తాడు. ఫోన్లో అమ్మ నోరు తెరిచింది, ఇక్కడ బాపు మొదలుపెట్టాడు, తనకే వినిపించని ఆ పెద్ద గొంతుతో, ఒక్క మాట కూడా తగ్గించకుండా.

“ఓ మొగడా, నీ కండ్లల్ల మన్నువడ! గా పొల్ల నాడెను చీపురు వట్టినట్టు వట్టింది, గా తెల్ల బూట్లోడు సాంచాను లారీ లెక్క తోలుతున్నడు, నడుమల నువ్వొక్కనివి నోరు తెరుసుకొని నిలవడ్డవు! కండె ఒడ్సి ఎంతసేపాయె! ముందు సాంచా సూడు, ఆ ఎర్రమూతిదాన్ని తర్వాత సూద్దువు!”

గల్లీలో నీళ్లు పట్టుకుంటున్నవాళ్లు ఇటు తిరిగారు. పక్క ఖోలీ ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి తొంగి చూసింది.

“ఎవలే అక్కా, గంతగనం తిడ్తున్నది?”

“మా అవ్వ” అన్నాను.